బందరు బడిలో ‘హి, షి, ఇట్’

1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ బందరు రేవుకు వచ్చింది. కింగ్ జేమ్స్ బైబిలు ఇంగ్లండులో అచ్చయిందీ ఆ ఏడే. అందులో ఎదుట ఉన్నది ఒక్కరైతే ‘దౌ’, పదిమందైతే ‘యే’. తర్వాతి కాలంలో ఆ ‘దౌ’ మామూలు మాటల్లోంచి జారిపోయి, ఒక్కరికీ పదిమందికీ, చిన్నకీ పెద్దకీ ‘యు’ ఒక్కటే మిగిలింది. 1843లో రాబర్ట్ నోబుల్ బందరులో బడి పెట్టేనాటికి మన పిల్లల చేతికొచ్చింది ఆ ‘యు’యే. అయ్యవారిని ‘మీరు’, జోడీగాణ్ణి ‘నువ్వు’ అనే నోటికి అది ఎంత కొత్తగా ఉండి ఉంటుందో!

ఎదురు దారిలో వచ్చినవాళ్ల పాట్లు వేరు. బందరులో కొలువు చేసిన బ్రౌన్ 1840లో, ఇక్కడే మిషనరీగా ఉన్న ఆర్డెన్ 1873లో ఇంగ్లీషువాళ్ల కోసం తెలుగు వ్యాకరణాలు వెలువరించారు. ‘మనం రేపు లంకకు వెళ్తున్నాం’ అంటే వింటున్నవాడూ పడవెక్కాలి. ‘మేం వెళ్తున్నాం’ అంటే వాడు గట్టునే ఉండిపోతాడు. ఇంగ్లీషులో రెండింటికీ ‘వి’ ఒక్కటే. ‘ఆయన, అతడు, వాడు’ అన్నిటికీ ‘హి’ ఒక్కటే. అలాగని మన దగ్గర అంతా విడివిడిగా ఉందనీ కాదు. అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది, గేదె వచ్చింది. క్రియ ఒక్కటే. ‘షి’, ‘ఇట్’ల దగ్గర మన పిల్లలు తడబడేది అందుకే. అది తెలివితక్కువతనం కాదు.

1950లో గుడివాడకు కాలేజీ వచ్చింది. చుట్టుపక్కల పల్లెల పిల్లలకు పై చదువు దగ్గరైంది. పాఠం మాత్రం మారలేదు: ‘నామవాచకానికి బదులు వాడేది సర్వనామం.’ ఈ నిర్వచనం చాలదని నా గట్టి నమ్మకం. సుబ్బారావు తన గురించి చెప్పుకుంటూ ‘నేను వస్తాను’ అంటాడు గాని ‘సుబ్బారావు వస్తాడు’ అనడు కదా! అక్కడ ‘నేను’ దేనికీ బదులు రాలేదు. ఎవరు మాట్లాడుతున్నారో చెబుతోందంతే.

ఇవాళ డీఎస్సీకి చదివేవాళ్లతో అవనిగడ్డ నిండిపోతుంది. రేపటి అయ్యవార్లు, పంతులమ్మలు వాళ్లే. కిటికీ బయట వాన పడుతుంటే బోర్డు మీద ‘ఇట్ ఈజ్ రెయినింగ్’ అని రాస్తారు. పడేది వాన. మరి ఆ ‘ఇట్’ ఎవరు? ఎవరూ కారు. ఇంగ్లీషు వాక్యంలో కర్త చోటు ఖాళీగా ఉండకూడదు కాబట్టి అక్కడ కూర్చుంది. మనకు ‘వచ్చాను’ అంటే చాలు, ‘నేను’ అందులోనే ఉంది. ఈ తేడా ముందు తెలుగులో చూపిస్తే ఇంగ్లీషు పాఠం సగం అయిపోయినట్టే. ఆ పని చేసే పంతులమ్మలంటే నాకెంతో గౌరవం.

అలాంటి ఒక తరగతిలో ఓ పిల్ల ‘మా అమ్మ’ను ‘అవర్ మదర్’ అని రాసింది. ఇంగ్లీషులో ‘మై’ అంటారమ్మా అని పంతులమ్మ దిద్దింది. పిల్ల ‘అవర్’ కొట్టేసి, ‘మై’ రాసి, తలెత్తి అడిగింది: “మరి అన్నయ్యకో టీచర్?”