పటం

అమీర్‌పేటలోనో పంజాగుట్టలోనో ఫ్రేముల దుకాణానికి వెళ్లి "పటం కట్టాలి" అంటే చాలు, కొలతలు తీసుకుంటారు. లోపలిది వేంకటేశ్వరస్వామి బొమ్మైనా, పాత ఫ్రెంచి లితోగ్రాఫైనా మాట అదే.

సంస్కృతంలో పటమంటే గుడ్డ. గుడ్డమీద బొమ్మ వేస్తే చిత్రపటం. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు ఖద్దరుకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి కులపురాణాలు గీసేది నేటికీ ఆ అసలు అర్థంలోని పటమే. బొమ్మ కాగితానికి మారినా పేరు నిలిచింది. దేశపటంలోనూ గాలిపటంలోనూ అదే ఉంది.

ఇక ఆ లితోగ్రాఫ్‌లోని 'లిథోస్' అంటే గ్రీకులో రాయి. 1796 ప్రాంతంలో బవేరియాలో సెనెఫెల్డర్ ఈ ముద్రణ పద్ధతిని కనిపెట్టాడు: సున్నపురాయి మీద జిడ్డుసిరాతో గీసి తడిపితే, తడిసిన చోటు రంగును పట్టదు, గీత పట్టుకుంటుంది. 1820 నుంచి బారన్ టేలర్ బృందం ఫ్రాన్సులోని మధ్యయుగపు చర్చిలను ఇలాగే సంపుటాలుగా అచ్చువేసింది. గోడమీది రాతిశిల్పం మరో రాతిమీద గీతై కాగితమెక్కింది, ఎంత చక్కటి ప్రయాణం!

1894లో రవివర్మ బొంబాయిలో పెట్టిందీ లితో ప్రెస్సే. మన పూజగదుల్లోని లక్ష్మీ సరస్వతుల పటాలకు ఆ ముద్రణలే ఒరవడి. నాకు 'ఫ్రేమ్' కన్నా పటమే ఇష్టం. ఫ్రేమ్ చుట్టూ ఉన్న చెక్కను చెబుతుంది, పటం లోపలి బొమ్మను చెబుతుంది.