ఆటకు సెగ.. ల్యాప్‌టాప్‌కు పొగ
వేసవిలో జాగ్రత్తలు పాటిస్తేనే యంత్రం పదిలం

చార్మినార్‌: హైదరాబాద్‌లో ఏప్రిల్‌, మే మాసాల్లో పగటి ఉష్ణోగ్రత తరచూ 40 డిగ్రీల సెల్సియస్‌ దాటుతుంది. 1966 జూన్‌ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. పాతబస్తీలోని మొగల్‌పురా, శాలిబండ, యాకుత్‌పురా గల్లీల్లో ఒకదానికొకటి ఆనుకొని ఉన్న ఇళ్లలో గాలి ఆడటమే కష్టం. పై అంతస్తు గదుల్లోకి స్లాబు వేడి రాత్రి వరకూ దిగుతూనే ఉంటుంది. అలాంటి గదిలో గంటల తరబడి ఆటలాడితే గేమింగ్‌ ల్యాప్‌టాప్‌ సెగలు కక్కక మానదు. పలు తయారీ సంస్థలు 35 డిగ్రీల లోపు పరిసరాల్లోనే తమ యంత్రాలను వాడాలని సూచిస్తున్నాయి.

వేడికి కారణమిదీ..
ఆట నడిచేటప్పుడు ప్రాసెసర్‌, గ్రాఫిక్స్‌ చిప్‌ ఒకేసారి పూర్తి సామర్థ్యంతో పనిచేస్తాయి. రెండూ కలిసి 100 వాట్లకు మించి విద్యుత్తు వాడే యంత్రాలు అనేకం. అదంతా చివరకు వేడిగానే మారుతుంది. రాగి గొట్టాలు, ఫ్యాన్లు ఆ వేడిని బయటకు నెడతాయి. అయితే లోపలికి వచ్చే గాలే వేడిగా ఉంటే వాటి శ్రమ వృథా అవుతుంది. ప్రాసెసర్‌ 100 డిగ్రీలకు చేరువైతే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆట తడబడటానికి ఇదే కారణం. వేడి ఇంకా పెరిగితే యంత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది.

ఏం చేయాలంటే..
* పరుపు, దిండు, తివాచీలపై ఉంచరాదు. అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. గట్టి బల్లపై పెట్టి వెనుక భాగాన్ని ఒకటి రెండు అంగుళాలు ఎత్తాలి.
* ఆట సెట్టింగుల్లో ఫ్రేమ్‌ రేటును సెకనుకు 60కి పరిమితం చేయాలి. గ్రాఫిక్స్‌ నాణ్యతను ఒక మెట్టు తగ్గించాలి.
* రంధ్రాల్లోని దుమ్మును తరచూ తొలగించాలి. ముందుగా యంత్రాన్ని ఆపి చార్జర్‌ తీసేయాలి. ఫ్యాన్‌ తిరగకుండా పట్టుకొని గాలి కొట్టాలి.
* ఎండిపోయిన థర్మల్‌ పేస్టును నిపుణుడితో మార్పించాలి. వారంటీ ఉంటే అధీకృత సర్వీసు కేంద్రానికే తీసుకెళ్లాలి.
* కూలర్‌ తడిగాలి నేరుగా తగలనీయరాదు. త్వరగా చల్లబడుతుందని ఫ్రిజ్‌లో పెట్టడం మరీ ప్రమాదం. లోపల తేమ చేరి సర్క్యూట్లు దెబ్బతింటాయి.

బ్యాటరీ ఉబ్బితే..
అధిక వేడి లిథియం బ్యాటరీ ఆయుష్షును హరిస్తుంది. టచ్‌ప్యాడ్‌ పైకి లేచినా, మూత సరిగా పడకున్నా, అడుగు భాగం ఉబ్బినా బ్యాటరీ పాడైందని అనుమానించాలి. వెంటనే యంత్రాన్ని ఆపి చార్జర్‌ తొలగించాలి. బ్యాటరీని గుచ్చినా, నొక్కినా మంటలు చెలరేగే ముప్పుంది. చెత్తబుట్టలో వేయకుండా సర్వీసు కేంద్రానికి అప్పగించాలి. చార్జింగ్‌లో పెట్టి ఆట నడుస్తుండగానే నిద్రపోవడం తగదు.

చదువుకూ, ఆటకూ ఒకే ల్యాప్‌టాప్‌ ఉన్న కుటుంబాలు మరింత అప్రమత్తంగా ఉండాలి. పాఠాలు, ధ్రువపత్రాలు, ఫొటోల ప్రతిని వేరే డిస్కులో భద్రపరచుకోవాలి. ఎండ వేళ ఆట మాని, ఉదయం పూట ఆడుకుంటే యంత్రానికీ, ఇంటికీ మేలు.