బట్టల కొట్టు బొమ్మ ఒకప్పుడు మనిషి

బట్టల కొట్లో బొమ్మకు చీర కట్టడం చూసినవాళ్ళకు తెలుస్తుంది, అదెంత ఓపిక పనో. గుమాస్తా ముందు దాని రెండు చేతులూ భుజాల దగ్గర ఊడదీస్తాడు. చేతులుంటే రవిక ఎక్కదు. రవిక తొడిగి, చేతులు మళ్ళీ బిగించి, వదులుగా ఉన్నచోట వెనకవైపు పిన్నీసులు పెట్టి, కుచ్చిళ్ళు సర్ది, పమిట భుజం మీద నిలబెడతాడు. ముందునుంచి చూస్తే కొలతలు తీసుకుని కుట్టినట్టుంటుంది. వెనక్కి వెళ్ళి చూస్తే అన్నీ పిన్నీసులే.

కొట్లో దాన్ని బొమ్మ అంటారు, డమ్మీ అంటారు. అమ్మే కంపెనీ దాన్నే మానెక్విన్ అంటుంది. ఈ మూడో మాటకు ఐదు వందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

డచ్చి భాషలో మానెకెన్ అంటే బుల్లి మనిషి. బ్రస్సెల్స్ నగరంలో ఉచ్చ పోస్తూ నిలబడిన బుడ్డోడి కంచు విగ్రహం పేరు 'మానెకెన్ పిస్'. ఆ పేరులో ఉన్నదీ ఈ మాటే. 1619లో జెరోమ్ డ్యూకెనోయ్ అనే శిల్పికి ఆ విగ్రహం పని అప్పజెప్పారు. 1747లో ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ ఆ బుడ్డోడికి దుస్తులు బహూకరించాడు. ఇప్పుడు వాడికి వెయ్యి జతలకు పైనే ఉన్నాయి!

డచ్చి నుంచి ఫ్రెంచిలోకి వెళ్ళి మాట మానెక్విన్ అయింది. అక్కడ దాన్ని మొదట వాడుకున్నది చిత్రకారులు. బట్ట మడతలు బొమ్మలో దింపాలంటే గంటల తరబడి కదలని మనిషి కావాలి. మనిషి ఊపిరి పీల్చినా మడత మారిపోతుంది. అందుకని కీళ్ళున్న కొయ్యబొమ్మకు బట్ట కప్పి గీసేవారు. ఇటలీలోని ఫ్లోరెన్స్ చిత్రకారుడు ఫ్రా బార్తొలొమియో కూడా అలాంటి నిలువెత్తు కొయ్యబొమ్మ చేయించుకున్నాడని 16వ శతాబ్దంలో, చిత్రకారుల జీవితాలు రాసిన వసారి రాశాడు. తర్వాత దర్జీలూ ఈ మాటనే అందుకున్నారు.

అసలు మలుపు 19వ శతాబ్దంలో వచ్చింది. ఇంగ్లండ్ నుంచి పారిస్ చేరిన చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ ఒక బట్టల కొట్లో గుమాస్తాగా ఉండేవాడు. అదే కొట్లో పనిచేసే మారీ వెర్నే శాలువా కప్పుకుని అటూ ఇటూ నడిస్తే, కొనేవాళ్ళకు ఆ శాలువా అందం అర్థమయ్యేది. ఆమెనే అతను పెళ్ళి చేసుకున్నాడు. 1858లో సొంత దుకాణం పెట్టాక, కుట్టిన గౌన్లను అమ్మాయిలకు తొడిగి ధనవంతుల ముందు నడిపించే పద్ధతిని స్థిరపరిచాడు. కాలక్రమేణా ఆ అమ్మాయిలకే మానెక్విన్ అన్న పేరు పడింది. కొయ్యకు పెట్టిన పేరు ప్రాణమున్న మనిషికి వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటను ఆ అర్థంతోనే తీసుకున్నారు. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో లండన్‌లో లూసీల్ అనే ఫ్యాషన్ దుకాణం జరిపిన 'మానెక్విన్ పరేడ్‌'లలో నడిచింది బతికున్న ఆడపిల్లలే. తర్వాత వాళ్ళకు మోడల్ అన్న పేరు స్థిరపడింది, మానెక్విన్ మళ్ళీ బొమ్మ అయింది. ఫ్రెంచిలో మాత్రం ఈనాటికీ రెంటికీ అదే మాట.

డమ్మీ కథ ఇంకా కఠినం. మాటలు రానివాళ్ళను తీసిపారేస్తూ ఇంగ్లీషులో పిలిచిన పేరది. 19వ శతాబ్దం నాటికి నోరులేని బట్టల బొమ్మకు అంటుకుంది. అంటే రెండు ఇంగ్లీషు మాటలూ మనిషి దగ్గర పుట్టి వస్తువు దగ్గరికి చేరినవే. తెలుగు ఎదురు దారిన నడిచింది. ఇక్కడ వస్తువు పేరును మనిషికి ముద్దుగా ఇచ్చారు: కుందనపు బొమ్మ, బాపు బొమ్మ.

తొలినాళ్ళ కొట్టు బొమ్మలు మైనంవి. గాజు కళ్ళు, నిజమైన జుట్టు. చూడ్డానికి బాగున్నా మోయలేనంత బరువు, పైగా ఎండకూ దీపాల వేడికీ ముఖం కరిగేది. 1930లలో న్యూయార్క్ శిల్పి లెస్టర్ గాబా సింథియా అనే ప్లాస్టర్ బొమ్మ చేశాడు. దాదాపు 45 కిలోల బరువు. ముఖం మీద మచ్చలు పెట్టాడు, రెండు పాదాలూ ఒకే కొలతలో లేకుండా చేశాడు. లోపాలుండబట్టే అది మనిషిలా కనిపించింది. గాబా దాన్ని హోటళ్ళకూ నాటకాలకూ వెంట తీసుకెళ్ళేవాడు. గొంతు బొంగురుపోయింది, అందుకే మాట్లాడదని చెప్పేవాడు. 1937లో లైఫ్ పత్రిక దాని ఫొటోలు వేసింది. చివరికి ఒక బ్యూటీ సెలూన్‌లో కుర్చీ మీంచి జారిపడి ముక్కలైంది.

తర్వాత ఫైబర్‌గ్లాస్ వచ్చి బొమ్మలు తేలికయ్యాయి. 1960లలో లండన్‌లో అడెల్ రూట్‌స్టైన్ అప్పటి మోడల్ ట్విగ్గీ పోలికలతో బొమ్మ చేయించింది. ఇటీవల తలలేని బొమ్మలు ఎక్కువయ్యాయి, చాలాచోట్ల అది వ్యాపారుల ఇష్టం. అఫ్గానిస్తాన్‌లోని హెరాత్‌లో అలా కాదు. 2022 జనవరిలో తాలిబాన్ల ఆదేశంతో బట్టల కొట్లవాళ్ళు బొమ్మల తలలు రంపంతో కోసేశారు.

తెలుగు ఊళ్ళ కొట్లలో తలలున్న బొమ్మలకు ఇంకా కొదవలేదు. అయితే వాటిలో చాలావాటి ఒంటిరంగు పాలరంగు, ముక్కూ కళ్ళూ పరదేశానివి, నడుము గుప్పెడు. గద్వాల చీరైనా ఉప్పాడ చీరైనా వాటికే కడతారు. ఆ చీర కొని కట్టుకునే ఆడవాళ్ళ చామనఛాయ, వాళ్ళ ఒడ్డూ పొడుగూ ఆ బొమ్మల్లో కనబడవు. బొమ్మలు చేసేవాళ్ళు, కొనే కొట్లవాళ్ళు ఈ సంగతి ఆలోచించాలి. మన మనిషిని పోలిన బొమ్మకు చీర కట్టి వాకిట్లో నిలబెట్టండి.