ధాత కరువులో మూడున్నర మైళ్ల కాలువ

మా ఒంగోలు ప్రాంతంలో పాత కరువుల్ని తెలుగు సంవత్సరాల పేర్లతోనే చెప్పుకుంటారు. 1832 నాటిది నందన కరువు, 1876లో మొదలైంది ధాత కరువు. ఈ రెండో కరువులో ఇక్కడి బాప్టిస్టు మిషన్ గుత్తేదారు అవతారం ఎత్తింది. గంజి పోసినవాళ్ల కథలు ఎక్కడైనా వింటాం. నాకు ఈ గుత్త సంగతే పెద్దదనిపిస్తుంది.

అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. వానల్లేవు, పనుల్లేవు. జనానికి కూలి దొరకాలని దొరతనం వారు తీరం వెంబడి పడవల కాలువ తవ్వించారు. గవర్నరు పేరు మీద అది బకింగ్‌హాం కాలువ అయింది. కాలువ గట్టునా కులం వదల్లేదు. అజమాయిషీ పై కులాల మేస్త్రీలదైన చోట మాదిగలు, మాలలు ఆకలికి తోడు తిట్లూ తినాల్సి వచ్చేది.

జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ మిషనరీ. అంతకుముందు తన దేశంలో భూముల సర్వే చేసినవాడు. ఆ విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని, తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలే. పార పట్టినవాడిదీ, పని చూసేవాడిదీ ఒకే పల్లె, ఒకే గూడెం. తట్టలు దించి కాస్త నడుం వాల్చే వేళ ఆ మేస్త్రీలే పక్కన కూర్చుని సువార్త చెప్పేవారు.

కరువు సాగినన్నాళ్లూ, దాదాపు 15 నెలలు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని. అయినా వచ్చింది, నేటికీ వస్తూనే ఉంది. అడగదగిన ప్రశ్నే. అయితే యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందింది 1866లో, కరువుకు పదేళ్ల ముందు. మాదిగ గూడేల్లో క్రైస్తవం వైపు కదలిక ఆయనతోనే మొదలైంది. పైగా, ఆపదలో తమను మనుషులుగా చూసినవాళ్లను నమ్మితే అందులో తప్పేముంది?

1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ నీళ్లలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు పాస్టర్లు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని ఇచ్చారు. దీని గురించి చెప్పేవాళ్లు అంకె దగ్గరే ఆగిపోతారు, ఈ ఆరుగురి మాట ఎత్తరు.

క్లౌ రాకముందే, 1854 జనవరి 1న, మిషనరీలైన జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు కలిసి ప్రార్థించిన ఒంగోలు కొండను చూడటానికి ఇప్పటికీ జనం వస్తారు. అలా వచ్చినవాళ్లు కొత్తపట్నం దారిలో కాలువ దాకా కూడా వెళ్లండి. పిల్లల్ని వెంటబెట్టుకెళ్లి, దాన్ని తవ్వినవాళ్లెవరో చెప్పండి.