నాగార్జునకొండకు వెళ్ళే ముందు

సెలవులొస్తే సాగర్ వెళ్దామనుకునే కుటుంబాలు చాలానే ఉంటాయి. ఆనకట్ట చూసి, పులిహోర పొట్లాలు విప్పి, తీరిక ఉంటే లాంచీ ఎక్కి కొండ కూడా చుట్టి వస్తారు. “అక్కడ ఏముందండీ, పాత రాళ్ళేగా!” అంటారు కొందరు. ఆ రాళ్ళు పెట్టించింది ఎవరో తెలిస్తే ఆ మాట అనం. వాటిలో చాలావాటికి దాతలు మన ఆడవాళ్ళే.

ఇవాళ ద్వీపంలా కనిపించే ఆ కొండ చుట్టూ ఒకప్పుడు విశాలమైన లోయ ఉండేది. శాతవాహనుల తర్వాత, క్రీ.శ. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజులు ఆ లోయలో విజయపురి రాజధానిగా పాలించారు. మొదటి రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు, కార్తికేయుని భక్తుడు. ఆయన ఇంటి స్త్రీలలో చాలామంది మాత్రం బౌద్ధాన్ని ఆదరించారు. మగవారు యజ్ఞాలు చేస్తుంటే ఆడవారు చైత్యాలకు, విహారాలకు దానాలు చేశారన్నమాట!

శాంతమూలుని తోబుట్టువు శాంతిశ్రీ. 106 అడుగుల వ్యాసంతో, బండిచక్రం లాంటి పునాది మీద ఇటుకతో కట్టిన మహాచైత్యానికి ఆమే ముఖ్య దాత. మేనల్లుడూ, అల్లుడూ అయిన వీరపురుషదత్తుని పాలనలో 6వ ఏట ఆమె స్తంభాల మీద శాసనాలు వేయించింది. తనకు నిర్వాణం కోరుకుంటూనే, పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ ఇహపరాల్లో చల్లగా ఉండాలని కోరింది. పదిహేడు వందల ఏళ్ళ కిందటి కోరికే అయినా మనకు కొత్తగా అనిపిస్తుందా చెప్పండి!

అదే చైత్యానికి ఉజ్జయిని రాజు కూతురు రుద్రధర భట్టారిక ఒక స్తంభమూ, 170 దీనార మాషకాల సొమ్మూ ఇచ్చింది. బనవాసి రాజుకు రాణిగా వెళ్ళిన ఇక్ష్వాకుల ఆడపడుచు కొడబలిశ్రీ పుట్టినవారి ఊళ్ళో భిక్షువులకు విహారం కట్టించింది.

ఇవన్నీ రాచవారి సంగతులు కదా అంటారేమో. బోధిశ్రీ రాణీ కాదు, రాకుమార్తే కాదు. ఒక గృహిణి, ఉపాసిక. చుళధమ్మగిరి మీద సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనంలో భర్త, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, ఇలా బంధువర్గమంతా కనిపిస్తుంది. పుణ్యం ఒక్కతే ఉంచుకోక అందరికీ పంచిందన్నమాట.

తర్వాత ఆ లోయ మరుగున పడింది. 1926లో మళ్ళీ వెలుగు చూసింది. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు పునాదిరాయి పడేసరికే, లోయ మునిగిపోతుందని తెలిసి, ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో తవ్వకాలు మొదలయ్యాయి. 1954 నుంచి 1960 దాకా అవి సాగాయి. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని కొండమీదా, మరికొన్నింటిని ఒడ్డున అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. శిల్పాలు, శాసనాలు కొండమీది మ్యూజియంలో చేరాయి. మిగిలిన విజయపురి నీళ్ళ అడుగున ఉండిపోయింది. మన పొలాలకు నీరూ, ఇళ్ళకు కరెంటూ ఇస్తున్న జలాశయం కింద ఒక రాజధాని ఉందని లాంచీలో కూర్చున్నప్పుడు పిల్లలకు చెప్పండి.

ఇక ప్రయాణం సంగతి. హైదరాబాదు నుంచి సాగర్ సుమారు 150 కిలోమీటర్లు. కొండకు ఒక రోజు, అనుపుకు ఇంకో పూట పెట్టుకోండి. అనుపులో మెట్లున్న పాత రంగస్థలం పిల్లలకు బాగా నచ్చుతుంది. గాలివాననూ, నీటిమట్టాన్నీ బట్టి లాంచీలు ఆగిపోవచ్చు. అందుకని లాంచీ వేళలూ, మ్యూజియం సెలవు రోజూ బయలుదేరే ముందే కనుక్కోండి. తిరుగు లాంచీ ఎప్పుడో దిగగానే అడిగి తెలుసుకోండి. వేసవికన్నా చలికాలం మేలు. గొడుగూ, మంచినీళ్ళూ మరవకండి.

మ్యూజియంలో బ్రాహ్మీ లిపి చెక్కిన రాళ్ళు కనిపిస్తాయి. మనం చదవలేం, నిజమే. అయినా దాటిపోకండి. ఇది ఎవరి శాసనమని అక్కడివారిని అడగండి. శాంతిశ్రీ, బోధిశ్రీ అన్న పేర్లు వినిపిస్తే పిల్లల్ని దగ్గరకు పిలిచి చూపించండి.