బరువా, మెరుపా?

మా అమ్మమ్మ రవ్వల దుద్దులు పెట్టుకుని పేరంటానికి వెళ్తే అందరూ ఆవిడ చెవులకేసే చూసేవారట. అమ్మ తర్వాత అవి నాకొచ్చాయి. మా అమ్మాయి పెళ్ళి కుదిరిందని మొన్న సికిందరాబాదు జనరల్ బజారులో ఒక నగల కొట్టుకి పట్టుకెళ్ళాను. షావుకారు భూతద్దం కంటికి ఆనించి, "రాయి మేలైందేనమ్మా, కటింగే పాతది. మళ్ళీ సానబట్టిస్తే తళతళలాడుతుంది. కాకపోతే బరువు పోతుంది" అన్నాడు. ఎంత పోతుందో చెప్పాక నా గుండె గుభేలుమంది.

ఈ బేరం నాకొక్కదానికే వచ్చింది కాదు. గోలకొండ నాటినుంచీ ఉన్నదే.

కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు (ఇప్పుడవి పులిచింతల నీళ్ళ కింద ఉన్నాయి) చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, మనవాళ్ళ సానపని గురించి రాశాడు. రాయి నిర్మలంగా ఉంటే పైపైన మెరుగుపెట్టి వదిలేసేవారట. ఆకారం దిద్దబోతే బరువు తగ్గుతుందని భయం. లోపల మచ్చ ఉంటే మాత్రం అది కనబడకుండా బోలెడు పలకలు చెక్కేవారు. అతి సింగారం చూస్తే అనుమానించాలన్నమాట!

ఆ భయం ఊరికే పుట్టలేదు. గోలకొండలో మంత్రిగా చేసిన మీర్ జుమ్లా షాజహానుకి నజరానా ఇచ్చిన వజ్రం ముడిరాయిగా 787 క్యారెట్ల పైమాటట. వెనిస్‌వాడు బోర్జియో దాన్ని సానపట్టాడు. 1665లో ఔరంగజేబు దర్బారులో టావెర్నియే చూసేనాటికి 280 క్యారెట్లే మిగిలింది. బోర్జియోకి కూలి దక్కలేదు సరికదా, 10,000 రూపాయలు జుల్మానా పడింది. చీల్చి ఉంటే ముక్కలన్నా దక్కేవి కదా అని టావెర్నియే విచారం. నాకూ అదే విచారం.

ఇక కోహినూరు సంగతి. 1851లో లండను ప్రదర్శనలో పెడితే జనం విరగబడి వచ్చి, "ఇంతేనా!" అని పెదవి విరిచారు. చుట్టూ గ్యాసు దీపాలు పెట్టినా లాభం లేకపోయింది. మరుసటేడు ఆంస్టర్‌డాం పనివాళ్ళని పిలిపించి, ఆవిరి యంత్రంతో 38 రోజులు అరగదీయించారు. ఇప్పటి తూకంలో 191 క్యారెట్ల రాయి 105.6 అయింది. అంతా అయ్యాక కూడా రాణిగారి భర్త ఆల్బర్టుకి తృప్తి కలగలేదు.

అసలు కిటుకు కోణాల్లో ఉంది. పైనుంచి దిగిన వెలుతురు అడుగున ఉన్న ఏటవాలు పలకలకి తగిలి, అద్దంలో పడ్డట్టు తిరిగి పైకే రావాలి. అడుగు పలచనైతే జల్లెడలో నీళ్ళలా కిందికి జారిపోతుంది, మరీ లోతైతే పక్కలకి పోతుంది. 1919లో టోల్కోవ్‌స్కీ అనే ఆయన ఈ కోణాలకి లెక్కలు కట్టి పుస్తకమే వేశాడు. తూకానికి అమ్మేవాళ్ళు కొందరు అడుగున లావు ఉంచేస్తారు. మనం క్యారెట్టుకింతని డబ్బు పోస్తాం, ఆ లావేమో బంగారంలో కూర్చుంటుంది, మెరవదు. ఒక్క క్యారెట్టే అయినా, బాగా కోసిన రాయి పైకి పెద్దదిగా కనిపిస్తుంది.

ఇంకో సంగతి. వజ్రానికి జిడ్డంటే మహా ప్రీతి. గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీదుగా కంకర పారిస్తే, వజ్రాలు అంటుకుని ఉండిపోతాయి. మరి మూడు తరాల తలనూనె తాగిన దుద్దులేం మెరుస్తాయి?

కుంకుడు రసంలో నానేసి, మెత్తటి బ్రష్షుతో వెనకా ముందూ తోమాను. ట్యూబులైటు కింద అంతంతమాత్రమే. దేవుడి దీపం దగ్గర పట్టుకుంటే మాత్రం పెద్ద పెద్ద మెరుపులు, తాపీగా.

మా అమ్మాయి పెట్టుకుని అద్దంలో చూసుకుంది.

"పెళ్ళి రాత్రి ముహూర్తమేగా అమ్మా, ఇలాగే ఉండనీ" అంది.