పొలిమేర దాటిన గత్తర

సముద్రం ఎలా ఉంటుందో చూడని జనగామ, మానుకోట, భూపాలపల్లి పల్లెలను ఒకప్పుడు వణికించిన జబ్బు ఉప్పునీటిలో పుట్టింది. డాక్టర్లు దాన్ని కలరా అన్నారు. ఇక్కడి పెద్దలకు అది గత్తర. పొద్దున పొలం పోయిన మనిషికి గంజి నీళ్లలాంటి విరేచనాలు పట్టుకునేవి. కళ్లు లోతుకు పోయి, పిక్కలు గుంజి, రాత్రికల్లా ప్రాణం పోయేది.

ఊళ్లో గత్తర తగిలితే ముత్యాలమ్మకో, పోచమ్మకో, మహంకాళికో మొక్కేవాళ్లు. దున్నపోతును బలిచ్చి, నెత్తురు కలిపిన అన్నాన్ని పొలిగా ఊరి చుట్టూ చల్లేవాళ్లు. పొలి చల్లే రాత్రి బయటివాళ్లు ఊళ్లోకి రాకూడదు, ఊరివాళ్లు పొలిమేర దాటకూడదు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాలకూ ఇలాంటి మొక్కే మూలమంటారు. ఆలయ కథనం ప్రకారం 1813లో నగరంలో కలరా ప్రబలినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య ఆ మొక్కు మొక్కాడు.

రోగం మనుషుల వెంట నడిచి వస్తుందని ఆ జనం సరిగ్గానే పసిగట్టారు. ఆ కట్టడి వెనకున్న తెలివిని మూఢనమ్మకమని కొట్టిపారేయలేం. కానీ గత్తర ఒకసారి ఊరి నీళ్లలో పడ్డాక పొలిమేర కాపలా దాన్ని ఆపలేదు.

విబ్రియో కలరే అనే ఈ సూక్ష్మజీవి అసలు నెలవు నదులు సముద్రంలో కలిసేచోటి ఉప్పుకయ్యలు. అక్కడ కోపెపాడ్లనే, కంటికి ఆనీ ఆనని నీటి జీవుల పెంకును పట్టుకుని, ఆ పెంకులోని కైటిన్‌నే తిని బతుకుతుంది. గుంపుకట్టి జిగురు పొర అల్లుకుంటుంది. నీళ్లు చల్లబడినా, తిండి దొరకకపోయినా కుంచించుకుపోయి మొద్దునిద్రలో పడుతుంది. ఆ స్థితిలో ల్యాబులో పెంచితే పెరగదు, అలాగని చావదు. 1980లలో దీన్ని నిరూపించిన శాస్త్రవేత్తల్లో రీటా కోల్వెల్ ముఖ్యురాలు. ఆమె బృందమే బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరను మడతలు వేసి నీళ్లు వడగట్టించింది. కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ప్రకటించింది. పెంకులు బట్టలో చిక్కితే వాటిని పట్టుకున్న సూక్ష్మజీవులూ చిక్కాయన్నమాట.

మనిషి కడుపులోని ఆమ్లానికి వీటిలో చాలావరకు చస్తాయి. తప్పించుకున్నవి తోకతో ఈదుతూ చిన్నపేగు గోడను చేరి, సన్నటి పోగులతో అతుక్కుని విషం వదులుతాయి. ఆ విషం ఉందని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే చూపించాడు. అది పేగు కణాల్లోంచి ఉప్పును, దాని వెంట నీటిని తోడేస్తుంది. రోగి నుంచి అప్పుడే బయటపడిన సూక్ష్మజీవికి సోకే శక్తి మరీ ఎక్కువ. మెట్లు దిగి, కాళ్లు తడుపుకుంటూ నీళ్లు ముంచుకునే దిగుడు బావికి ఇంతకన్నా గండం ఏముంటుంది? రోగి బట్టలు ఉతికిన నీళ్లు అందులోకి కారితే చాలు.

ఆ తర్వాత రైలొచ్చి, మనుషుల వెంట నడిచే గత్తరకు దారి దగ్గర చేసింది. 1889 నాటికి నిజాం రైలు మార్గం బెజవాడను తాకింది. జనగామ, మానుకోట స్టేషన్లు కోస్తాకు ఒక్క రాత్రి ప్రయాణమయ్యాయి.

మందు విషయంలో ఒక తెలుగువాడి పేరు చెప్పుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనలు నడిపించినప్పుడే, 1948లో, మొదటి టెట్రాసైక్లిన్ ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్లు కలరా విరేచనాలను తొందరగా కట్టిస్తాయి. అంతకన్నా ఎక్కువ ప్రాణాలు నిలబెట్టింది ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు. 1971లో బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ నీళ్లు తాగిస్తే, 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకు దిగాయి. గత్తర విషం పేగులోంచి ఎంత నీరు తోడేసినా, చక్కెరతో కలిసి ఉప్పు లోపలికి పోయే దారి తెరిచే ఉంటుంది. నీరు ఆ దారినే ఒంట్లోకి తిరిగి చేరుతుంది.